ఫోన్ బ్యాటరీ మార్చాలంటే ఎంత ఇవ్వాలి? ఏది న్యాయం, ఏది మోసం?

ఫజర్ వేళకు వంద శాతం చార్జింగ్ చూపించిన ఫోన్ జుహర్ దాటకముందే ఆగిపోతుంది. సౌదీలోనో కువైట్‌లోనో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తే మాట మధ్యలో స్క్రీన్ నల్లబడుతుంది. పిల్లల క్లాసు నోట్సు, బ్యాంకు మెసేజీలు, గ్యాస్ బుకింగ్ అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే. దుకాణానికి తీసుకెళ్తే ఒకాయన ఆరు వందలు అంటాడు, పక్క దుకాణంలో పద్నాలుగు వందలు అంటారు, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంకా ఎక్కువ చెబుతారు. బ్యాటరీ ఒకటే కదా, ధర ఇన్ని రకాలుగా ఎందుకుంది? ఎవరి మాట నమ్మాలి?

నంద్యాల, ఆళ్లగడ్డలో చాలా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఇది. జవాబు తెలుసుకోవాలంటే బ్యాటరీ సంగతి, ధర సంగతి, చట్టం సంగతి మూడూ కొంచెం కొంచెం తెలియాలి.

బ్యాటరీ ఎందుకు అరుగుతుంది?

ఇప్పటి ఫోన్లు, ట్యాబ్‌లు, ల్యాప్‌టాప్‌లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకులు అన్నిట్లో ఉండేది లిథియం బ్యాటరీయే. చెప్పుల అట్ట అరిగినట్టు అదీ వాడేకొద్దీ అరుగుతుంది. దాని వయసును సంవత్సరాలతో కాకుండా చార్జింగ్ సైకిళ్లతో లెక్కిస్తారు. ఇవాళ సగం, రేపు సగం ఖర్చయితే రెండూ కలిపి ఒక సైకిల్. ఐఫోన్ 14 వరకు వచ్చిన మోడళ్లలో 500 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం మిగిలేలా బ్యాటరీ తయారుచేశామని యాపిల్ చెబుతుంది. ఐఫోన్ 15 నుంచి ఆ లెక్క 1000 సైకిళ్లు. రోజుకో సైకిల్ వాడే మనిషికి 500 సైకిళ్లంటే ఏడాదిన్నర కూడా రాదు.

దీనికి తోడు మన ఎండ. చుట్టూ ఉన్న వేడి 35 డిగ్రీలు దాటితే బ్యాటరీ సామర్థ్యం శాశ్వతంగా తగ్గొచ్చని యాపిలే హెచ్చరిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు 40 దాటడం మామూలే. బండి డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోన్, దిండు కింద పెట్టి రాత్రంతా చార్జింగ్ చేసిన ఫోన్ తొందరగా దెబ్బతింటాయి.

అంటే బ్యాటరీ పాడవడం మీ తప్పు కాదు, ప్రతిసారీ కంపెనీ లోపమూ కాదు. అది అరిగే వస్తువు. అందుకే దాన్ని మార్చుకునే ఖర్చు కూడా ఫోన్ ధరలో భాగమే అనుకోవాలి. ఆ ఖర్చును కొనే రోజు ఎవరూ చెప్పరు, అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

ఒకప్పుడు నిమిషం పని

పాత నోకియా ఫోన్లు గుర్తున్నాయా? గోటితో వెనక మూత తీసి, బ్యాటరీ లాగేసి, కొత్తది పెడితే అయిపోయేది. రసీదు లేకపోయినా, పనివాడు లేకపోయినా ఇంట్లోనే జరిగే పని. 2007 ఆగస్టులో నోకియా తన బీఎల్-5సీ బ్యాటరీల గురించి ఒక హెచ్చరిక ఇచ్చింది. 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య జపాన్‌కు చెందిన మత్సుషిత కంపెనీ తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు చార్జింగ్ సమయంలో వేడెక్కే ప్రమాదం ఉందని, ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించింది. మన దేశంలో కూడా జనం మూతలు తీసి, బ్యాటరీ వెనక ఉన్న 26 అంకెల నంబరు సరిచూసుకున్నారు. బ్యాటరీ చేతికి వచ్చేది కాబట్టే అది సాధ్యమైంది.

ఆ తర్వాత ఫోన్లు పలచబడ్డాయి, నీళ్లకు తట్టుకునేలా జిగురుతో మూతలు అతికించారు. వాటి లాభం వాటికుంది. కానీ బ్యాటరీ మార్చాలంటే ఇప్పుడు వేడి పెట్టి, జిగురు వదిలించి, స్క్రీన్ పగలకుండా తెరవాలి. అందుకే బ్యాటరీ ధరకు కూలి, పగిలే ప్రమాదం కూడా తోడయ్యాయి.

6,500 నుంచి 2,000కు ఎలా దిగింది?

ధర గురించి అందరూ తెలుసుకోవాల్సిన ఉదాహరణ ఒకటుంది. బ్యాటరీ పాతబడిన కొన్ని ఐఫోన్లను సాఫ్ట్‌వేర్‌తో నెమ్మది చేస్తున్నామని 2017 డిసెంబరులో యాపిల్ ఒప్పుకుంది. ఫోన్ హఠాత్తుగా ఆగిపోకుండా ఉండేందుకే అలా చేశామని వివరణ ఇచ్చింది. కానీ ఈ సంగతి ముందే చెప్పకపోవడంతో, ఫోన్ ముసలిదైపోయిందనుకుని చాలామంది కొత్తది కొనేశారు. బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోయేదని వాళ్లకు తెలియదు.

జనం కోప్పడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి, 2018 సంవత్సరానికి బ్యాటరీ మార్పు ధర తగ్గించింది. అమెరికాలో 79 డాలర్ల నుంచి 29కి దిగింది. మన దేశంలో సుమారు రూ.6,500 ఉన్నది రూ.2,000 అయింది, పన్నులు అదనం. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ ఇదే విషయంలో యాపిల్‌కు 2 కోట్ల 50 లక్షల యూరోల జరిమానా వేసింది.

తగ్గించిన ధర క్షమాపణ ధర కాబట్టి, అందులో కంపెనీకి నష్టం ఉండొచ్చు. అయినా అదే బ్యాటరీ, అదే పని, అదే కౌంటర్. కంపెనీ అడిగే ధరంతా ఖర్చే అని కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదని ఇది చూపిస్తుంది.

ఆళ్లగడ్డ నుంచి లెక్క

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. మీ బ్రాండు సర్వీస్ సెంటర్ నంద్యాలలో లేకపోతే కర్నూలు పోవాలి, అది నంద్యాల నుంచి ఇంకో 70 కిలోమీటర్లు. బస్సు చార్జీలు, ఒకరోజు కూలి, విడిభాగం లేదంటే మళ్లీ రెండో ప్రయాణం. కాబట్టి సర్వీస్ సెంటర్ ధరకు ఇవన్నీ కలిపి చూడాలి. ఆ లెక్కలో ఊళ్లోని మరమ్మతు దుకాణం ఐదు వందలు ఎక్కువ తీసుకున్నా ఒక్కోసారి అదే చవక. ముందుగా సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి, మోడల్ చెప్పి, బ్యాటరీ స్టాకులో ఉందా, మొత్తం ఎంత అవుతుంది అని అడిగాకే బస్సెక్కండి. చాలా కంపెనీలు విడిభాగాల ధరలను తమ వెబ్‌సైట్లలో పెడుతున్నాయి.

ఇంకో ప్రశ్న: బ్యాటరీ మార్చాలా, కొత్త ఫోన్ కొనాలా? ఉదాహరణకు రూ.12,000 ఫోన్ మూడేళ్లు వాడితే నెలకు రూ.333 పడినట్టు. రూ.1,500తో బ్యాటరీ మార్చి ఇంకో రెండేళ్లు వాడితే నెలకు రూ.63 కూడా కాదు. కాబట్టి ఫోన్ మిగతా అన్ని విధాలా బాగుంటే బ్యాటరీ మార్చడమే లాభం. స్క్రీన్ కూడా పోయి ఉంటే, లేదా కంపెనీ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపేసిన ఫోన్‌లోనే బ్యాంకు పనులు చేస్తుంటే, కొత్తదాని గురించి ఆలోచించొచ్చు.

డబ్బు పెట్టే ముందు లోపం బ్యాటరీదేనా అని చూసుకోండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ విభాగంలో బ్యాటరీ హెల్త్ కనిపిస్తుంది. శాంసంగ్ ఫోన్లలో శాంసంగ్ మెంబర్స్ యాప్‌తో పరీక్షించొచ్చు. ఒక్కోసారి కేబుల్ పాడైనా, చార్జింగ్ రంధ్రంలో దుమ్ము పేరుకున్నా బ్యాటరీ పోయినట్టే అనిపిస్తుంది.

ఫోన్ వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఆలస్యం వద్దు. చార్జింగ్ ఆపేయండి, నొక్కకండి, గుచ్చకండి. పిల్లలకు దూరంగా పెట్టి వెంటనే మార్పించండి.

దుకాణంలో అడగాల్సిన ఆరు మాటలు

1. ఈ బ్యాటరీ కంపెనీదా, వేరే తయారీదా? వేరే తయారీ అయితే తప్పేమీ కాదు, కానీ కంపెనీదని చెప్పి కంపెనీ ధర తీసుకోవడం మోసం.

2. దాని మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 అనే ప్రమాణం, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడొచ్చు. అసలు బ్యాటరీ కంటే రెండింతలు ఎంఏహెచ్ అని రాసి ఉంటే నమ్మకండి. అదే సైజులో అంత పట్టదు.

3. తయారీ తేదీ ఎప్పటిది? లిథియం బ్యాటరీ వాడకుండా అల్మారాలో ఉన్నా వయసు పెరుగుతూనే ఉంటుంది.

4. బ్యాటరీ ఎంత, కూలి ఎంత? రెండూ విడివిడిగా చెప్పించుకోండి.

5. తెరిచేటప్పుడు స్క్రీన్ పగిలితే బాధ్యత ఎవరిది? ఇది పని మొదలుపెట్టకముందు మాట్లాడుకోవాలి, తర్వాత కాదు.

6. హామీ ఎన్ని నెలలు? ఆ మాట రసీదు మీద రాస్తారా?

ఫోన్ ఇంకా వారంటీలో ఉంటే బయట తెరిపించకండి. తెరిచారన్న కారణంతో కంపెనీ వారంటీ నిరాకరించొచ్చు. కొన్ని బ్రాండ్లు ఫోన్‌కు ఏడాది, బ్యాటరీకి ఆరు నెలలే వారంటీ ఇస్తాయి. వారంటీ కార్డులో ఆ వాక్యం వెతకండి.

ఐఫోన్ వాళ్లు ఇంకో సంగతి తెలుసుకోవాలి. ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ మోడళ్ల నుంచి వేరే బ్యాటరీ వేస్తే, ఇది అసలైనదని నిర్ధారించలేకపోతున్నాం అనే మెసేజీ వస్తుంది. ఫోన్ పనిచేస్తుంది, కానీ అమ్మేటప్పుడు ధర తగ్గొచ్చు.

ఫొటోల భద్రత

బ్యాటరీ మార్చడానికి మామూలుగా మీ పాస్‌వర్డ్ అవసరం లేదు. చార్జింగ్ ఎక్కుతోందా అన్నది లాక్ స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు, కుటుంబ సంభాషణలు ఉన్న ఫోన్‌ను అన్‌లాక్ చేసి వదిలి రాకండి. వీలైతే ఎదురుగా కూర్చుని చేయించుకోండి. వదిలి రావాల్సి వస్తే, శాంసంగ్ లాంటి కొన్ని ఫోన్లలో ఉన్న మెయింటెనెన్స్ మోడ్ ఆన్ చేస్తే ఫొటోలు, మెసేజీలు కనిపించవు. సిమ్, మెమరీ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

చట్టం ఏమంటుంది?

2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అమ్మిన వస్తువుకు, చేసిన పనికి బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోననడం కూడా అంతే. ఇది పెద్ద కంపెనీకీ వర్తిస్తుంది, సందు చివర దుకాణానికీ వర్తిస్తుంది.

ఇబ్బంది వస్తే ముందు దుకాణదారుతో నెమ్మదిగా మాట్లాడండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఘటన జరిగిన రెండేళ్లలోపు, మీరు నివసించే ప్రాంతం నుంచే ఫిర్యాదు వేయొచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. అన్నిటికీ ఆధారం ఆ చిన్న రసీదే. యాభై రూపాయలు తగ్గిస్తానంటే రసీదు వదులుకోవడం మన పొరపాటు.

మరమ్మతు మన హక్కు

విడిభాగాలను కంపెనీ తన చేతిలోనే బిగించి ఉంచుకోవడం న్యాయమా అన్న ప్రశ్న మన దేశంలో ముందు కార్ల విషయంలో వచ్చింది. బయటి మెకానిక్‌లకు విడిభాగాలు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. ఎలక్ట్రానిక్స్ వంతు తర్వాత వచ్చింది. 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. కంపెనీల సర్వీస్, వారంటీ, విడిభాగాల వివరాలు అక్కడ ఒకచోట చూడొచ్చు. ఫోన్, ట్యాబ్ కొనే ముందే అది ఎంత తేలిగ్గా బాగవుతుందో మార్కుల్లో చూపించాలని ఒక కమిటీ 2025 మేలో కేంద్రానికి నివేదిక ఇచ్చింది. అది పూర్తిగా అమలైతే, బ్యాటరీ మార్పు సంగతి కొనే రోజే తెలిసిపోతుంది.

యూరప్ ఇంకా ముందుకు పోయింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న ఎలక్ట్రానిక్ వస్తువుల బ్యాటరీని కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలని అక్కడ నియమం పెట్టారు, కొన్ని మినహాయింపులతో. ఆ చట్టం మనకు వర్తించదు. కానీ ఇలా చేయడం సాధ్యమేనని అది చెబుతోంది.

పాత బ్యాటరీ ఏం చేయాలి?

చెత్తబుట్టలో వేయకండి. చెత్త బండిలో నలిగితే నిప్పు అంటుకోవచ్చు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి, లేదా మార్చిన దుకాణంలోనే తీసుకోమనండి.

ఊళ్లోని మరమ్మతు కుర్రాళ్లలో ఎక్కువమంది కష్టపడి బతికేవాళ్లే. వాళ్లకు రావాల్సిన కూలి మనం ఇవ్వాలి, మనకు రావాల్సిన నిజం, రసీదు వాళ్లు ఇవ్వాలి. ఈ రెండూ జరిగితే అది ఆరు వందలైనా పద్నాలుగు వందలైనా ఇన్సాఫే.