లోన్ యాప్‌లు, వ్యక్తిగత సమాచారం

లోన్ యాప్‌లు ఆస్తి తాకట్టు, పూచీకత్తు అడగకుండా మొబైల్ ఫోన్ మీదే చిన్న మొత్తాలు అప్పిచ్చే ప్రైవేటు సేవలు. వీటిలో అక్రమంగా నడిచినవి రుణగ్రహీత ఫోన్‌లోని సమాచారాన్నే వసూలు సాధనంగా మార్చుకున్నాయి.

అప్పు వివరాలు అప్పిచ్చినవారి దగ్గర ఉండడం కొత్తేమీ కాదు. ఆదోని వంటి పత్తి మార్కెట్ ఊళ్లలో రైతు బాకీ కమీషన్ ఏజెంటు పద్దులో ఉండేది. బయటి అప్పుకు ప్రోనోటు రాసి సాక్షులు సంతకాలు చేసేవారు. సాక్షి పేరు అతనికి తెలిసే కాగితమెక్కేది. తర్వాత వచ్చిన సూక్ష్మరుణ సంస్థలు ఒకే గ్రూపులోని మహిళలను ఒకరికొకరు పూచీగా నిలిపాయి. ఒకరికే పలు సంస్థలు పోటీపడి అప్పులివ్వడం, బలవంతపు వసూళ్లు పెరగడంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ సంక్షోభం తర్వాతే సూక్ష్మరుణాల వివరాలు పెద్ద ఎత్తున క్రెడిట్ బ్యూరోలకు చేరసాగాయి.

సాక్షికి, పూచీదారుకు తెలిసే పేరు రాసుకునే పాత పద్ధతిని లోన్ యాప్‌లు తలకిందులు చేశాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్టులు, ఫొటోలు చూసేందుకు అనుమతి అడిగేవి. డబ్బు అవసరంలో ఉన్నవారు చదవకుండానే ఒప్పుకునేవారు. వాయిదా తప్పితే కాల్ సెంటర్ సిబ్బంది బంధువులకు, తోటి ఉద్యోగులకు ఫోన్లు చేసేవారు, మార్ఫింగ్ ఫొటోలు పంపేవారు. అప్పుతో ఏ సంబంధమూ లేని వారి నంబర్లు కూడా మరొకరి ‘సమ్మతి’తో సంస్థ చేతికి చిక్కాయి. 2020 డిసెంబరులో తెలంగాణలో వరుస ఆత్మహత్యల తర్వాత హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లపై దాడులు చేశారు. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో దంపతుల ఆత్మహత్యతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమూ చర్యలకు ఆదేశించింది.

రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో వేసిన కార్యబృందం, ఆ ఏడాది తొలి రెండు నెలల్లో దేశంలో అందుబాటులో ఉన్న సుమారు 1,100 యాప్‌లలో 600 దాకా అక్రమమైనవేనని తేల్చింది. 2022 సెప్టెంబరు 2న వచ్చిన మార్గదర్శకాలు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోల జోలికి వెళ్లరాదని రుణ యాప్‌లను ఆదేశించాయి. కెమెరా, లొకేషన్ వంటివి ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారి, అదీ స్పష్టమైన సమ్మతితో వాడవచ్చు. గూగుల్ ప్లే స్టోర్ 2023 మే 31 నుంచి ఇలాంటి నియమమే పెట్టింది. అయితే రిజర్వు బ్యాంకు నిబంధనలు దాని పర్యవేక్షణలోని సంస్థలకే వర్తిస్తాయి. ప్లే స్టోర్ బయట లింకుల ద్వారా చేరే యాప్‌లకు ఇవి పెద్ద అడ్డంకి కాలేదు.

అన్ని వ్యాపారాలకూ వర్తించే చట్టం ఆలస్యంగా వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలని, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని ఇది చెబుతుంది. భద్రతా లోపాలకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సంస్థల ప్రధాన బాధ్యతల అమలుకు అందులో 18 నెలల గడువిచ్చారు.