పెరటి పూలమొక్కలు చెప్పే చరిత్ర

శాసనాలు, నాణేలు, యాత్రికుల రచనలు చరిత్రకు ఆధారాలని గత యూనిట్లలో తెలుసుకున్నారు. ఇంటి పెరటిని కూడా వాటి సరసన చేర్చవచ్చు. తులసికోట పక్కన మందారం, పందిరి మీద జాజి, గోడ వెంట బంతి మొక్కలు చూసినప్పుడు అవన్నీ అనాదిగా ఇక్కడివేనని అనుకుంటాం.

పూల మీద మక్కువ మాత్రం పాతదే. 1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్, అక్కడి ప్రజలకు గులాబీలు ఆహారంతో సమానమైన అవసరమని రాశాడు. శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’ పేరులోనే పూలదండ ఉంది. అయితే గోదాదేవి కట్టిన దండలో బంతిపువ్వు ఉండే అవకాశం లేదు, క్యాలెండర్ బొమ్మల్లో ఎలా గీసినా సరే.

బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడి ఆజ్టెక్ ప్రజలు దాన్ని పూజలలోనూ వైద్యంలోనూ వాడేవారు. నేటికీ మెక్సికోలో మృతులను స్మరించే పండుగకు సమాధులను ఈ పూలతోనే అలంకరిస్తారు. కొలంబస్ యాత్రల తరువాత, 16వ శతాబ్దంలో పోర్చుగీసుల ద్వారా ఇది భారతదేశానికి చేరిందని పండితులు భావిస్తారు. సాయంత్రం విచ్చే చంద్రకాంత, గుడి ఆవరణల్లో కనిపించే దేవగన్నేరు కూడా అమెరికా ఖండానివే. సంక్రాంతికి గొబ్బెమ్మ మీద గుచ్చే తీపి గుమ్మడి పువ్వుదీ అదే దారి.

ఇంతలోనే ఇంత చోటు బంతికి ఎలా దక్కింది? ఏ రాజూ దాన్ని నాటమని ఆజ్ఞాపించలేదు. ఎండిన పువ్వును నలిపి చల్లితే చాలు, మొలుస్తుంది. వానాకాలంలో నారు పోస్తే దసరా నాటికి పూస్తుంది. మల్లె ఒక్క పూటలో వాడిపోతే, గుమ్మానికి కట్టిన బంతి రెండు మూడు రోజులు నిలుస్తుంది. పొరుగింటి నుంచి గుప్పెడు విత్తనాలు, పుట్టింటి నుంచి ఒక కొమ్మ తెచ్చి నాటుకున్న స్త్రీలే ఈ మొక్కలను ఊరూరా వ్యాపింపజేశారనడం సమంజసం. వారి పేర్లు ఏ శాసనంలోనూ లేవు.

కొత్తవి వచ్చినంత మాత్రాన పాత పూలు చోటు వదులుకోలేదు. దక్షిణ భారతానికి, శ్రీలంకకు చెందిన కనకాంబరానికి వాసన లేకపోయినా మరువంతో కలిసి జడల్లో నిలిచింది. బతుకమ్మను గమనించండి: అందులో ప్రధానమైనవి తంగేడు, గునుగు. ఇవి బీళ్ళలో, చేల గట్ల మీద ఎవరూ నాటకుండానే పెరుగుతాయి. పెరట్లో పెంచిన బంతి వాటి మధ్య ఒక వరుసగా చేరింది.