అగరుబత్తి పెట్టె మీది మాట

ఏలూరు అనగానే కొందరికి తివాచీలు గుర్తొస్తాయి, కొందరికి కొల్లేరు. ఇంకా చాలామందికి గుర్తొచ్చేది అంబికా దర్బార్ బత్తి. ఆలపాటి రామచంద్రరావు 1946లో ఏలూరులో మొదలుపెట్టిన వ్యాపారం అది. రేడియోలోనూ, సినిమా హాళ్లలోనూ, తర్వాత టీవీలోనూ దాని ప్రకటన వింటూ పెరిగిన తరాలున్నాయి. మా నల్లజర్ల వైపు పల్లెల్లో కొట్టుకెళ్లి అగరుబత్తులు కావాలనరు, "అంబికా ఒకటి ఇవ్వండి" అంటారు. వాసన తెలిసేది ఇంటికెళ్లి వెలిగించాకే. కొట్లో తెలిసేది పెట్టె మీద మాట ఒక్కటే. ఆ మాటకి, ఆ వాసనకి మధ్య ఉన్న నమ్మకాన్ని చట్టం ట్రేడ్‌మార్క్ అంటుంది.

అయితే మాట ఎవరి సొత్తు? సాహిత్యం చదివేవాళ్లకి ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. దీనికి జవాబు వెతకడానికి అగరుబత్తుల కంటే మంచి సరుకు నాకు కనపడలేదు. అంబికా, ఈనాడు, రామాయణ్: మూడూ అగరుబత్తి పెట్టెల మీదకెక్కిన పేర్లే. మొదటిది అమ్మవారి పేరు, రెండోది రోజూ అందరూ వాడే మాట, మూడోది కావ్యం. చివరి రెండూ సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి.

చట్టం కంటే ముందు మార్కు పుట్టింది. మాంచెస్టర్ మిల్లుల నుంచి ఓడల్లో దిగే బట్టల తానులకి రంగురంగుల బొమ్మల చీటీలు అంటించి ఉండేవి. వాటి మీద దేవుళ్లు, ఏనుగులు, రాజులు. కొనేవాడికి చదువు రాకపోయినా బొమ్మ గుర్తుంటే చాలు. మన భాషలో "ఫలానా మార్కు" అనే వాడుక ఆ రకం వ్యాపారంలోంచి వచ్చిందే. ఇంగ్లండులో 1876లో రిజిస్టరు తెరిచినప్పుడు మొట్టమొదట ఎక్కింది బాస్ అనే బీరు కంపెనీ ఎర్ర త్రిభుజం. మన దేశానికి 1889లో వచ్చిన చట్టం దొంగ మార్కులు వేసేవాళ్లని శిక్షించడానికి పనికొచ్చింది గానీ, "ఈ మార్కు ఫలానా వారిది" అని రాసిపెట్టుకునే రిజిస్టరు మాత్రం 1940 చట్టంతోనే వచ్చింది.

కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. అంటే దాదాపు అర్ధశతాబ్దం ఆ పేరుని కాపాడే రిజిస్టరే దేశంలో లేదు. ఉన్నదల్లా ఒక పాత న్యాయసూత్రం: నీ సరుకుని ఇంకొకడి సరుకుగా చలామణీ చెయ్యకూడదు. దావా వేసినవాడు ముందు తన పేరుకి జనంలో పరపతి ఉందని రుజువు చేసుకోవాలి. ఆ పరపతి ప్రచారంతోనే వస్తుంది. సంగీత కచేరీల్లో ఆయన సీసాలు ఉచితంగా పంచేవారని చెబుతారు. ఆ బామ్ మీద వచ్చిన డబ్బు అండతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. తలనొప్పి మందు తెలుగువాళ్లకి పత్రికనిచ్చింది. ఎనభై ఏళ్ల తర్వాత కథ తిరగబడి, పత్రిక పేరు అగరుబత్తి పెట్టె ఎక్కింది.

ఈనాడు 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైంది. 1990లలో బెంగుళూరు అగరుబత్తి వ్యాపారి ఒకాయన "ఆశికాస్ ఈనాడు" పేరుతో సరుకు అమ్మాడు. అగరుబత్తుల తరగతిలో తన లేబులుకి రిజిస్ట్రేషన్ కూడా తెచ్చుకున్నాడు. పత్రిక యాజమాన్యమైన ఉషోదయా ఎంటర్‌ప్రైజెస్ 1999లో హైదరాబాదులో దావా వేసింది. కన్నడంలో ఈ మాటకి "ఈ దేశం" అని అర్థమనీ, అందరూ వాడే మాట మీద ఒకరికే హక్కు ఎలా ఉంటుందనీ, పత్రికకీ అగరుబత్తికీ సంబంధమేమిటనీ ఆయన వాదన. 2011 మార్చిలో సుప్రీంకోర్టు పత్రిక పక్షాన తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాటకి నిఘంటువు అర్థం మీద ఇంకో అర్థం ఏర్పడిందనీ, ఆ పరపతి మీద స్వారీ చెయ్యడానికే వ్యాపారి ఆ పేరు ఎంచుకున్నాడనీ, కాబట్టి ఈ రాష్ట్రంలో ఆ పేరుతో అమ్మకూడదనీ తేల్చింది.

ఈ తీర్పులో వ్యాపారులు నేర్చుకోవాల్సింది ఒకటుంది, భాష గురించి ఆలోచించేవాళ్లకి మిగిలే ప్రశ్న ఇంకొకటుంది. మొదటిది: రిజిస్ట్రేషన్ కాగితం చివరి మాట కాదు. నమోదయిన మార్కు చేతిలో ఉన్నా, పేరు ఎంచుకోవడంలో నిజాయితీ లేదనుకుంటే కోర్టు ఆపుతుంది. రెండోది: తెలుగులో కూడా "నాడు" అంటే రోజు ఒక్కటే కాదు. పలనాడు, వెలనాడు, రేనాడు అన్నప్పుడు నాడు అంటే సీమే. కాబట్టి "ఈ దేశం" అనే అర్థం మనకి మరీ పరాయిదేం కాదు. అదే పేరుతో 1982లో కృష్ణ సినిమా వచ్చింది, 2009లో కమల్ హాసన్ సినిమా వచ్చింది. వాటిని చూడ్డానికి వెళ్లినవాళ్లు టిక్కెట్టుతో పాటు పేపరు కూడా ఇస్తారనుకుని ఉండరు. మరి అగరుబత్తి కొన్నవాళ్లు మాత్రం అది పత్రికవాళ్ల సరుకనుకుంటారా?

అనుకోవచ్చనే నా అభిప్రాయం. పత్రిక నడిపే సంస్థలకి పచ్చళ్ల వ్యాపారమూ ఉన్న రాష్ట్రం ఇది. తీర్పు సరైనదే. కానీ ఒక్క అడుగు దాటినా ఇది ప్రమాదమే. సంస్థ పెద్దదయ్యేకొద్దీ మామూలు మాట చుట్టూ కంచె కూడా పెరుగుతుంది. వ్యాకరణం ప్రకారం అందరిదీ అయిన మాట బజారులో ఒకరిదవుతుంది.

నాలుగేళ్ల తర్వాత, 2015లో, అదే కోర్టు మరో అగరుబత్తి కేసులో కంచె వెయ్యడానికి ఒప్పుకోలేదు. పాట్నా వ్యాపారి ఒకరు కిరీటం బొమ్మతో పాటు "రామాయణ్" అనే పేరుని అగరుబత్తులకి నమోదు చెయ్యమన్నారు. పవిత్ర గ్రంథాల పేర్లు సరుకుల మీద ఏ ఒక్కరి సొత్తూ కావనీ, అదే వ్యాపారంలో చాలామంది ఆ పేరు వాడుతున్నారనీ కోర్టు కాదంది. ముందో వెనకో ఇంకో మాట సమానమైన అక్షరాలతో చేరితే పరిశీలించొచ్చని కూడా అంది. అంటే రామాయణం అందరిదీ, "ఫలానావారి రామాయణం" మాత్రం ఒకరిది కావచ్చు. మన కవులు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. మొల్ల రామాయణం, రంగనాథ రామాయణం అని మనం పిలుచుకోవడం లేదూ?

ఇప్పుడు ఏలూరు నుంచి నల్లజర్ల మీదుగా దేవరపల్లి వైపు హైవే మీద వెళ్తూ బోర్డులు చదవండి. లక్ష్మీ, వేంకటేశ్వర, దుర్గా, సాయి: ఊరూరా అవే పేర్లు. ఒకరు నిలదొక్కుకోగానే పక్కన అదే పేరుతో మరొకటి లేస్తుంది. అన్నదమ్ములు విడిపోతే పొలమూ ఇల్లూ పంచుకుంటారు గానీ పేరు పంచుకోవడం కుదరదు. అందుకే "అసలు", "పాత", "ఒరిజినల్" అనే విశేషణాలు, "మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు" అనే బోర్డులు. నా లెక్కలో అది చట్టం తెలియని జనం రాసుకున్న ట్రేడ్‌మార్క్ చట్టం.

అసలు చట్టం మరీ అందనంత దూరంలో ఏమీ లేదు. ఇప్పుడున్నది 1999 నాటి చట్టం, 2003 సెప్టెంబరు 15 నుంచి అమల్లో ఉంది. మన రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళ్తాయి. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులు. అగరుబత్తులది 3, పత్రికలది 16. ఆన్‌లైన్‌లో తరగతికి వ్యక్తులకీ చిన్న సంస్థలకీ 4,500 రూపాయలు, మిగతావాళ్లకి 9,000. పరీక్ష దాటాక పేరు జర్నల్లో అచ్చవుతుంది. అభ్యంతరం చెప్పడానికి ఎవరికైనా నాలుగు నెలల గడువు. నమోదయితే పదేళ్లు, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు. నమోదు చేసుకోకపోయినా ముందునుంచీ వాడుతున్నవాడికి రక్షణ ఉంది గానీ, ముందునుంచీ వాడుతున్నానని రుజువు చేసుకునే భారం అతనిదే. పాత బిల్లులు, కరపత్రాలు దాచుకోని చిన్న వ్యాపారి అక్కడే ఓడిపోతాడు.

ఇన్ని చేసినా అగరుబత్తిలో అసలు విలువైనది రిజిస్టరులోకి ఎక్కదు. మార్కుని గీసి చూపించగలగాలని చట్టం అడుగుతుంది. వాసనని ఎలా గీస్తారు? గులాబీ వాసన వేసే టైర్లకి బ్రిటన్ 1996లో మార్కు ఇచ్చింది. మన రిజిస్ట్రీ అలాంటి టైరు దరఖాస్తునే జర్నల్లో వెయ్యడానికి 2025 నవంబరులో ఒప్పుకుంది. టైరుకి గులాబీ వాసన అనవసరం, అందుకే అది గుర్తు కాగలిగింది. అగరుబత్తికి వాసనే సరుకు. కాబట్టి కాపాడుకోగలిగింది మాట ఒక్కటే.

అలాంటప్పుడు ఎలాంటి మాట? అంబికా లాంటి పేరు ఏడెనిమిది దశాబ్దాల వాడుకతో గట్టిపడింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అంత వ్యవధి ఉండదు. నాకు మళ్లీ అమృతాంజనమే గుర్తొస్తోంది. అమృతం పాత మాట, అంజనం పాత మాట. కంటికి పెట్టుకునే కాటుకని నుదుటికి తెచ్చి, రెంటినీ కలిపి ఎవరి నోటా లేని కొత్త మాట చేశాడాయన. ఆ సమాసం మీద ఆయనకి హక్కు వచ్చింది, అమృతమూ అంజనమూ ఎప్పట్లా మనకే మిగిలాయి. పేరు కోసం వెతుక్కునేవాళ్లు గుడికెళ్లే ముందు, వకీలు దగ్గరకెళ్లే ముందు, ఒకసారి నిఘంటువు తిరగేస్తే బాగుండును.