ఢిల్లీలో కొమ్మ కొట్టాలన్నా అనుమతే

ఢిల్లీ రోడ్డు పక్కన ఉన్న వేపచెట్టు మున్సిపల్ కార్పొరేషన్‌దో, పీడబ్ల్యూడీదో కావచ్చు. కొట్టాలంటే మాత్రం అటవీ శాఖ ట్రీ ఆఫీసర్ అనుమతి ఉండాల్సిందే. 1994 నాటి ఢిల్లీ వృక్ష పరిరక్షణ చట్టం చెప్పేది ఇదే. మీటరు ఎత్తు, నేలకు 30 సెంటీమీటర్ల పైన 5 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే చాలు, అది చెట్టే. కొమ్మలు నరకడమూ ఈ చట్టం దృష్టిలో చెట్టు కొట్టడమే.

అసలు పేచీ అక్కడే వచ్చింది. 15.7 సెంటీమీటర్ల చుట్టుకొలత వరకున్న కొమ్మలను అడగకుండానే కొట్టొచ్చన్న మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2023 మేలో కొట్టేసింది. 50 లేదా అంతకు మించి చెట్లయితే ట్రీ ఆఫీసర్ సరేనన్నా చాలదని, కేంద్ర సాధికార కమిటీ ఆమోదం కూడా కావాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇంతా చేసి, 1994 చట్టంలో రాసిన జరిమానా గరిష్ఠంగా వెయ్యి రూపాయలు; జైలు ఏడాది వరకు.