ఒక్కసారేనా?

మొన్న పండక్కి అటక దులుపుతుంటే పాత ట్రంకు పెట్టె అడుగున నా కప్పు దొరికింది. కప్పంటే టీ కప్పు కాదండోయ్! కాలేజీలో చదివే రోజుల్లో జిల్లాల పోటీల్లో హాకీ ఆడి గెలిచినప్పుడు మా జట్టులో తలా ఒకటి ఇచ్చిన చిన్న వెండిపూత కప్పు. పెళ్ళయి వచ్చాక మా అత్తగారు దాన్ని దేవుడి గూట్లో అగ్గిపెట్టెలు వేసుకోవడానికి వాడుకునేవారు. ఆవిడ తప్పేం లేదు పాపం. ఇంట్లో ఉన్న వస్తువు ఏదో ఒక పనికి రావాలి అన్నది ఆవిడ సిద్ధాంతం.

చింతపండు పెట్టి తోముతుంటే మా మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, నువ్వు గెలిచిందేనా? ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఇదొక్కటేనే."

"ఒక్కసారేనా? ఓస్, అంతేనా!" అని లేచి వెళ్ళిపోయింది.

చిన్నపిల్ల. దాని మాటకేముంది లెండి. కానీ ఆ "ఓస్" మాత్రం రెండు రోజులపాటు నా చెవిలో గింగురుమంటూనే ఉంది. నా సంగతికేం గానీ, అలా "ఓస్" అనిపించుకున్నవాళ్ళలో ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన ఆడవాళ్ళు కూడా ఉన్నారంటే నమ్ముతారా? వాళ్ళ కథే ఇవాళ మీకు చెప్పాలనిపించింది.

1980లో మాస్కోలో ఒలింపిక్స్ జరిగాయి. ఆడవాళ్ళ హాకీని ఒలింపిక్స్‌లో చేర్చడం అదే మొదలు. తీరా చేర్చాక వచ్చిన చిక్కేమిటంటే, అంతకు కొన్ని నెలల ముందు సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్‌లోకి వెళ్ళిందని చాలా దేశాలు ఆ ఆటలకు రామని అలిగి కూర్చున్నాయి. హాలండు వంటి మేటి జట్లు ఆగిపోయాయి. పెళ్ళి పందిరి వేశాక చుట్టాలు రాకపోతే ఎలా ఉంటుంది? అప్పటికప్పుడు ఊళ్ళోవాళ్ళని పిలిచినట్టు మరికొన్ని దేశాలను పిలిచారు. ఆ పిలుపు అందుకున్నదే జింబాబ్వే.

జింబాబ్వే అన్న పేరు పుట్టి అప్పటికి మూడు నెలలే. అంతకుముందు ఆ దేశం రొడీషియా. కొద్దిమంది తెల్లవాళ్ళ చేతిలో పాలన ఉండేది. అందుకే 1972లో మ్యూనిక్ దాకా వెళ్ళిన ఆ దేశం ఆటగాళ్ళను బరిలోకి దిగనివ్వలేదు. 1980 ఏప్రిల్ 18న స్వాతంత్ర్యం వచ్చింది. జూలై 19న మాస్కోలో ఆటలు మొదలు. నెల పైచిలుకు గడువులో పదహారుమంది ఆడవాళ్ళను పోగుచేసి పంపారు. ఉద్యోగాలు చేసుకుంటూ, ఇల్లూ పిల్లల్నీ చూసుకుంటూ, సెలవు రోజుల్లో ఆడుకునేవాళ్ళు. సామాను మోసే విమానంలో కుర్చీలు బిగించి పంపారనీ, అందులో మాంసం వాసన వేసిందనీ చెప్పుకుంటారు. మాస్కోలో ఉన్నది గడ్డి మైదానం కాదు, తివాచీలాంటి కృత్రిమ మైదానం. వీళ్ళు దాని మీద అంతకుముందు ఆడి ఎరుగరు. దానికి తగ్గ బూట్లు కూడా అక్కడికి వెళ్ళాకే కొనుక్కున్నారట!

అలాంటి జట్టు ఏం చేసిందో చూడండి. పోలండును 4-0తో ఓడించింది. చెకోస్లోవేకియాతో 2-2. సొంత గడ్డ మీద ఆడుతున్న సోవియట్ జట్టును 2-0తో పడగొట్టింది. ఆస్ట్రియాను 4-1తో గెలిచింది. అయిదు ఆటల్లో ఒక్క ఓటమి లేదు. బంగారు పతకం!

మిగిలిన ఆ ఒక్క ఆట ఎవరితోనో చెప్పలేదు కదూ? మన అమ్మాయిలతోనే. రూపా సైనీ నాయకత్వంలో వెళ్ళిన మన జట్టు ఆ బంగారు జట్టును 1-1తో నిలబెట్టింది. ఆస్ట్రియా, పోలండుల మీద గెలిచి, చెకోస్లోవేకియా చేతిలో 2-1తో, సోవియట్ చేతిలో 3-1తో ఓడింది. ఆ సోవియట్ ఆట గెలిచి ఉంటే పతకం మన మెడలోనే ఉండేది. నాలుగో స్థానం దక్కింది. అదే మాస్కోలో మన మగవాళ్ళు బంగారం తెచ్చారన్న సంగతి అందరికీ తెలుసు. ఆడపిల్లలు కూడా వెళ్ళారని మీలో ఎందరికి గుర్తుంది? నిజం చెప్పొద్దూ, హాకీ ఆడిన దాన్నయి ఉండి నాకే చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

ఇంకో చిత్రం వినండి. జింబాబ్వే జట్టు నాయకురాలు ఆన్ గ్రాంట్. ఆమె అన్నగారు డంకన్ ఫ్లెచర్. 1983 ప్రపంచ కప్పులో కపిల్‌దేవ్ 175 పరుగులు కొట్టిన ఆటలో అవతలి జట్టు నాయకుడు ఆయనే. తర్వాత 2011 నుంచి 2015 దాకా మన క్రికెట్ జట్టుకు కోచ్‌గా కూడా ఉన్నాడు. ఆ అన్నగారి పేరు మన ఇళ్ళలో కుర్రాళ్ళందరికీ తెలుసు. ఒలింపిక్ బంగారం తెచ్చిన చెల్లెలి పేరు అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ఇది మనకు కొత్తా చెప్పండి?

గెలిచిన ఒక్కొక్కరికీ ఒక ఎద్దును బహుమతిగా ఇస్తామన్నారట వాళ్ళ దేశంలో. తీరా తిరిగి వెళ్ళాక చేతిలో పెట్టింది మాంసం పొట్లమట! నవ్వొస్తుంది గానీ, నా అగ్గిపెట్టెల కప్పు గుర్తొచ్చి ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆ తర్వాత? ఆ తర్వాత ఏమీ లేదు. 1984లో లాస్ ఏంజిలిస్‌లో వాళ్ళు లేరు. ఆ తర్వాత ఏ ఒలింపిక్స్‌లోనూ జింబాబ్వే హాకీ జట్టు కనిపించలేదు. "మేటి జట్లు రాలేదు కాబట్టి గెలిచారు, లాటరీ తగిలింది" అన్నారు కొందరు.

పిలిచి పీట వేశారు, నిజమే. పీట మీద కూర్చోగానే పతకం విస్తట్లో వడ్డించరు కదా! అదే పీట ఆస్ట్రియాకూ వేశారు, పోలండుకూ వేశారు, మనకూ వేశారు.

మరి మళ్ళీ ఎందుకు గెలవలేదంటే కారణం ఆ పదహారుమంది చేతుల్లో లేదు. ఆ జట్టులో ఒక్క నల్లజాతి అమ్మాయి కూడా లేదు. దేశంలో ఎక్కువమంది వాళ్ళే అయినా, హాకీ కర్ర, మైదానం తెల్లవాళ్ళ బడులకూ క్లబ్బులకూ పరిమితమై ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక తెల్ల కుటుంబాలు చాలా దేశం దాటి వెళ్ళిపోయాయి. వేరు అంత చిన్న కుండీలో ఉన్నాక చెట్టు రెండోసారి పూయమంటే ఎలా పూస్తుంది? ఆ దేశానికి మళ్ళీ ఒలింపిక్ పతకం రావడానికి 24 ఏళ్ళు పట్టింది. 2004లో ఏథెన్స్‌లో ఈత కొట్టి తెచ్చింది కూడా ఆడపిల్లే, కిర్‌స్టీ కొవెంట్రీ. 2025లో ఆమె అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి తొలి మహిళా అధ్యక్షురాలయింది.

మన సంగతి మాత్రం? 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఎలిజా నెల్సన్ నాయకత్వంలో మన అమ్మాయిలు బంగారం గెలిచారు. ఆ ఏడు మగవాళ్ళు ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో 7-1తో ఓడిన సంగతే ఊరూవాడా చెప్పుకుంది. ఆ తర్వాత 2023 దాకా జరిగిన ఆసియా క్రీడల్లో ఆ బంగారం మన ఆడవాళ్ళకు మళ్ళీ దక్కలేదు. మాస్కో తర్వాత ఒలింపిక్స్ గడప తొక్కడానికి 36 ఏళ్ళు పట్టింది, 2016లో రియోలో. ఆ తర్వాత 2021లో టోక్యోలో మళ్ళీ నాలుగో స్థానం. ఆ బృందంలో అదనపు గోల్‌కీపరుగా వెళ్ళిన రజని మన చిత్తూరు జిల్లా పిల్లే.

అంచేత, ఒక్కసారే గెలిచినవాళ్ళను చూసి "మళ్ళీ ఎందుకు గెలవలేదు?" అని అడిగే ముందు, "మళ్ళీ ఆడనిచ్చారా?" అని కూడా అడగాలని నాకనిపిస్తుంది. నా మటుకు నాకు, కప్పు వచ్చిన ఏడే పెళ్ళి కుదిరింది. హాకీ కర్రను మా నాన్నగారు పక్కింటి కుర్రాడికి ఇచ్చేశారు. ఎవరూ బలవంతం చేయలేదు. నేనూ అడగలేదు. అడగొచ్చునని తోచనైనా లేదు.

ఈ కథంతా రాత్రి మా మనవరాలికి చెప్పాను. ఊ కొడుతూ విని, ఆఖర్న "అయితే ఆ కర్ర ఆ అబ్బాయి ఏం చేశాడు అమ్మమ్మా?" అంది.

"ఏమో, జామకాయలు కొట్టుకునేవాడు" అన్నాను.

దానికి నవ్వు రాలేదు. పొద్దున్న లేచి చూస్తే కప్పు బల్ల మీద లేదు. దాని పుస్తకాల అలమరలో, అన్నిటికన్నా పై అరలో ఉంది.