మన బడులలో వచనరచనాభ్యాసము

గ్రంథాలయమునకు వచ్చువారు చదువుటకు వత్తురు గాని వ్రాయుటకు రారు. అయినను చదివినది ఒంటబట్టినదో లేదో వ్రాతయందే తెలియును. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లవానిని పిలిచి శతకపద్యమొకటి చదువుమనిన తడబాటు లేక చదువును. దాని భావమును పది వాక్యములలో వ్రాయుమనిన రెండవ వాక్యము కడనే కలము నిలుచును. ఇది నేటి పిల్లలకు పట్టిన తెగులని పెద్దలందురు. చరిత్ర చూచినచో నట్లు తోపదు. ఇన్నూరేండ్లుగా ఈ ప్రశ్న మన బడులలో నలుగుచునే యున్నది.

1800లో నైజాము ప్రభువు ఇంగ్లీషు కంపెనీవారికి ఒప్పగించిన దత్తమండలములలో బళ్ళారి, కడప సీమలతోపాటు మన మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములును చేరియుండెను. ఆ మండలములకు తొలి ప్రధాన కలెక్టరుగా నుండిన సర్ తామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరై, దేశీయ విద్య ఏ స్థితిలో నున్నదో లెక్కలు వ్రాసి పంపవలసినదిగా 1822లో కలెక్టరులందరిని ఆజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక వానిలో మిక్కిలి విలువైనది. ఈయన తెలుగు భాషకు ఇంగ్లీషున వ్యాకరణము రచించిన విద్వాంసుడు. ఆయన జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరి. ఆ బడులలో 235 కన్నడమువి, 226 తెలుగువి.

నాటి వీథిబడి తీరు ఆ నివేదికలో కన్నులకు గట్టినట్లుండును. ఉదయమున అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతీనామము వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పైని వచ్చినవారికి వరుసగా ఒక్కొక్క దెబ్బ హెచ్చు. అక్షరములను మొదట ఇసుకలో వ్రేలితో దిద్దించి, పిదప తాటాకుపై గంటముతోను, కాగితముపై కలముతోను, కడితముపై బలపముతోను వ్రాయించుచుండిరి. గుడ్డకు గంజియు బొగ్గుపొడియు పట్టించి, పుస్తకమువలె మడతలు పెట్టుకొనునది కడితము. దానిపై వ్రాసినది తుడిచి మరల వ్రాయవచ్చును.

ఇంతవరకు అందరును చెప్పుకొనునదే. దాని తరువాతి సంగతి పలువురు గమనింపరు. అక్షరములు, గుణింతములు, లెక్కలు వచ్చిన పిమ్మట అయ్యవారు ఊరిలో పలువురి యొద్దనుండి నిజమైన ఉత్తరములను, కాగితములను సేకరించి తెచ్చి, వేర్వేరు చేతివ్రాతలను పిల్లలచే చదివించెడివాడు. మామూలు ఉత్తరములను, ఒడంబడిక పత్రములను వారిచే వ్రాయించెడివాడు. అనగా వచనరచన అను పేరు లేకున్నను ఆ అభ్యాసము వీథిబడిలో కొంత యుండెను. అది లోకవ్యవహారమునుండి పుట్టినది. ఎవరు ఎవరికి, ఏమి, ఎప్పుడు ఇచ్చిరో తెలియునట్లు వ్రాయుటయే దాని ప్రయోజనము.

కాంబెల్ చూపిన దోషమును అదే నివేదికలో నున్నది. పిల్లలు వల్లించు పుస్తకములు పద్యములు. వాని భాష సంభాషణకును వ్యవహారమునకును వాడు భాషకంటె వేరు. రెంటికిని లిపి యొకటే గనుక పిల్లవాడు పద్యమును చక్కగా చదువును గాని అర్థమెరుగడు. ఇట్లు బడిలో రెండు చదువులు ప్రక్కప్రక్కనే సాగినవి. పద్యమునకు గౌరవము కలిగెను. ఉత్తరము బ్రతుకుతెరువు పనిగా నిలిచెను.

మన సీమలో ఈ రెండవ చదువుకు నిలయము కరణీకము. అప్పుడు వేంకటగిరి సంస్థానమునకు చెందిన దర్శి, పొదిలి ప్రాంతములలోనేమి, దత్తమండలములలోనేమి, భూమి లెక్కయు దాన చరిత్రయు కరణముల కవిలెలలోనే యుండెను. కర్నల్ కాలిన్ మెకంజీ కావలి సోదరుల సాయముతో గ్రామచరిత్రలు వ్రాయించినప్పుడు, ఆ కవిలెల నుండియే అనేక కైఫియత్తులు పుట్టినవి. వానిలో సంధినియమములు లేవు. హిందూస్థానీ పదములు కొల్లలు. అయినను చెరువు ఎవరు త్రవ్వించిరో, గుడిమాన్యము ఎవరి కాలమున పోయినదో చదువరికి తెలియును. కరణముల వ్రాతపై లోకమున పరిహాసములకు కొదవలేదు. వానిలో కొన్ని న్యాయమైనవే. తెలియకుండ వ్రాయుటయును కొందరికి విద్యయే. కాని తెలియునట్లు వ్రాయవలెనన్న తెలుగు వచనము చాలునని ఆ కైఫియత్తులే చాటుచున్నవి. దర్శికి తూర్పున నున్న అద్దంకిలో తొమ్మిదవ శతాబ్దినాటి పండరంగని శాసనము తరువోజ పద్యమునకు ప్రసిద్ధి కెక్కినది. ఆ రాతిమీదనే పద్యము వెంట వచనమును కలదు. దానిని స్మరించువారు తక్కువ.

ఇంగ్లీషు పద్ధతి పాఠశాలలు వచ్చిన తరువాత వచనమునకు పాఠ్యగ్రంథములు కావలసివచ్చెను. మద్రాసులో తెలుగు పండితులుగా నుండిన పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను, 1858లో బాలవ్యాకరణమును ప్రకటించిరి. నీతిచంద్రిక తెలుగు గద్యమునకు అలంకారము. అందు వివాదము లేదు. ఆ అలంకారమునే పండ్రెండేండ్ల బాలుడు తన నిత్యవేషముగా ధరింపవలెననుట వేరు సంగతి. బాలవ్యాకరణమన్న పేరు చూచి తేలికయని తెరచినవారు సంజ్ఞాపరిచ్ఛేదము దాటకముందే మూసివేయుటయు కలదు.

ఈ పద్ధతి చేత తరగతిలో ఏమి జరిగినదో ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఒక ఇంగ్లీషువాడు కనిపెట్టెను. ఉత్తరపు జిల్లాలలో పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఎ. యేట్స్ 1907 ప్రాంతమున బడులు చూడబోయినప్పుడు, చిన్న తరగతులలో సైతము పాఠము చదువకముందే టీక వల్లె వేయించుచుండిరి. కథ యేమో తెలియదు, దానిలోని పదములకు అర్థములు మాత్రము నోటికి వచ్చును. పిల్లలు మాటాడు తెలుగును బడిలో నేర్పు ఉపాయము లేదా యని ఆయన విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారి నడుగగా, వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తిని, విజయనగరమందలి గురజాడ అప్పారావును చూపిరి. గ్రాంథిక వ్యావహారిక వాదమను మహావివాదము పుట్టినది ఇచ్చటనే. దానిని కవిపండితుల తగవుగా తలచువారే యెక్కువ. నిజమునకది తరగతి గదిలో, పిల్లవాని కూర్పుపుస్తకముమీద పుట్టిన తగవు.

1912-13లో స్కూలు ఫైనలు పరీక్షలో విద్యార్థి తన వ్యాసమును కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని బోర్డు కార్యదర్శి తెలిపెను. ఆధునిక భాషకు మాదిరులుగా బ్రౌను దొర తెలుగు రీడరును, ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను చూపెను. పండితలోకము అట్టుడికినట్లుడికెను. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు జయంతి రామయ్య పంతులు నాయకత్వమున దీనిని ప్రతిఘటించెను. నెల్లూరిసీమవారికి సుపరిచితులైన వేదము వేంకటరాయ శాస్త్రులును ఆ పక్షముననే నిలిచిరి. వారి భయము నిష్కారణమైనది కాదు. దర్శిలో ఒక రీతిని, శ్రీకాకుళమున నొక రీతిని పలుకు క్రియారూపములను ఎవరికి తోచినట్లు వారు వ్రాసినచో, ఉపాధ్యాయుడు దేనిని తప్పని దిద్దవలెను? ఈ ప్రశ్నకు ఆనాడు వాడుక భాషాపక్షము ఇచ్చిన ఉత్తరము అందరికి తృప్తి కలిగింపలేదు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు తన అసమ్మతి పత్రమును సమర్పించి, మరుసటి యేడు గతించెను. పరీక్షలలో పాతభాషదే పైచేయి యయ్యెను.

పిదప గాలి మెల్లగా మరలెను. చిన్నయసూరి విడిచిన సంధి విగ్రహములను గ్రాంథికమున రచించిన కందుకూరి వీరేశలింగము పంతులే 1919లో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షులైరి. పరిషత్తు 1924లో వాడుకభాషపై నిషేధమును తొలగించుకొనెను. గిడుగువారు 1933లో గద్యచింతామణిని వెలువరించి, పూర్వుల వచనమెట్లుండెనో ఉదాహరణములతో చూపిరి. అదేకాలపు బాలకవిశరణ్యములో, బాలవ్యాకరణము చొప్పున వ్రాసితిమనుకొను పండితులే ఎన్ని చోట్ల జారిరో లెక్కించిరి. 1940 జనవరిలో వారు కన్నుమూయునాటికిని బడిపుస్తకములు పూర్తిగా మారలేదు. ఆ మార్పు తరువాతి దశాబ్దములలో వచ్చినది.

మారిన తరువాతనైనను పిల్లవాని కలము రెండవ వాక్యము కడ ఏల నిలుచుచున్నది? ఇరుపక్షములవారును పోరాడినది పదరూపములను గురించి. "వచ్చెను" అనవలెనా, "వచ్చింది" అనవలెనా యను దానికే కాలమంతయు చెల్లిపోయెను. బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములున్నవి: సంజ్ఞ, సంధి, తత్సమము, ఆచ్ఛికము, కారకము, సమాసము, తద్ధితము, క్రియ, కృదంతము, ప్రకీర్ణకము. వాక్యమునకు వేరుగా పరిచ్ఛేదము లేదు. ఇది సూరిగారి లోపము కాదు. పదమును సాధించుటయే మన వ్యాకరణశాస్త్రమునకు పరమావధి. కాని ఆ శాస్త్రమునే రచనాబోధకు మూలముగా పెట్టుకొన్న బడులలో, వాక్యమునకు వాక్యమునకు గల సంబంధము ఎవరి పాఠములోను పడక మిగిలిపోయెను. వ్యాసమును పండితుడు చెప్పుట, పిల్లలు ఎక్కించుకొనుట, పరీక్షలో దానినే దించుట యనునది భాష మారినను మారలేదు.

మన పూర్వులు వాక్యమును విచారింపలేదని కాదు. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును కూడిన పదసమూహము వాక్యమని శాస్త్రకారులు నిర్ణయించిరి. ఒక మాట వినగానే తరువాతి మాటకై కలుగు అపేక్ష ఆకాంక్ష. ఆ మాటల అర్థములు ఒకదానికొకటి పొసగుట యోగ్యత. అవి దూరముగాక దగ్గరనుండుట సన్నిధి. ఈ మూటిని వాక్యములకును అన్వయించి చూచినచో పేరా యన నేమో బాలునికి బోధపడును. మొదటి వాక్యము చదువరిలో ఒక ప్రశ్నను రేపవలెను. రెండవది దానికి బదులు చెప్పవలెను. కందిచేనిని గురించి మొదలుపెట్టి, నడుమ బావగారి పెండ్లి చెప్పి, మరల కందికి వచ్చిన సన్నిధి చెడును.

తెలుగున బాలురు తరచు చేయు తప్పు ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. "చేసి, వచ్చి, చూచి" యను అసమాపక క్రియలకు సాధారణముగా కర్త యొక్కడే యుండవలెను. నోటిమాటలో ముఖము చూచి, చేయి చూపి సరిపెట్టుకొందుము. కాగితమునకు ముఖము లేదు, చేయి లేదు.

నాగార్జునసాగరు కుడికాలువ నుండి దర్శి శాఖకాలువకు నీరు వచ్చిన పిమ్మట ఈ సీమలో అర్జీల అవసరము పెరిగినది. 1984లో కరణీకము రద్దయిన తరువాత, ఊరిలో వ్రాసిపెట్టువానికై వెదకుకొనుటయు పెరిగినది. తన మాటను తాను వ్రాసికొనలేనివాడు పరుల మాటకు వ్రేలిముద్ర వేయవలసినదే. దానిలో నేమున్నదో కచేరికి పోయిన తరువాత గాని తెలియదు. ఒక రైతు ఇట్లు వ్రాసెననుకొనుడు: "కాలువ గండిపడి నీరు వచ్చి మేము చెప్పి లస్కరు రాక పంట పోయి విచారించి న్యాయము చేయవలెను." ఇందు అక్షరదోషము ఒక్కటియు లేదు. గండిపడినది కాలువ, చెప్పినది రైతులు, పోయినది పంట, విచారింపవలసినది అధికారి. ఇందరు కర్తలు ఒక్క త్రాటికి కట్టుబడి పెనుగులాడుచున్నారు.

ఏడవ తరగతి చదువు కుమారుడు ప్రక్కన కూర్చుండి "ఎప్పుడు? ఎక్కడ? ఎంత? ఎవరితో చెప్పితివి? ఏమి కావలెను?" అని తండ్రిని వరుసగా అడిగి వ్రాసినచో నిట్లగును: "గత నెల 12వ తేది రాత్రి మా చేని మీది పిల్లకాలువకు గండి పడినది. ఆ నీరు రెండెకరముల కందిలో మూడు దినములు నిలిచినది. గండి పడిన మరునాటి ఉదయముననే లస్కరుతో చెప్పితిమి. అతడు వచ్చి చూడలేదు. పైరు కుళ్ళిపోయినది. గండి పూడ్పించి, నష్టమును చూచుటకు ఒకరిని పంపవలెనని కోరుచున్నాము."

ఈ పేరాలో "పడినది" అనుచోట "పడెను" అని వ్రాసినను, "పడింది" అని వ్రాసినను అధికారికి తెలియు సంగతి మారదు. మూడవ వాక్యములో లస్కరును వదలివేసినచో మాత్రము, ఎవరితో చెప్పితిరను ప్రశ్నతో కాగితము తిరిగి ఊరికి వచ్చును.