సరమ బిడ్డలు

మొన్న శ్రావణంలో ఒక సాయంత్రం పక్కింటి అమ్మాయి కంగారుగా వచ్చింది.

"పిన్నిగారూ! మా కుక్క పొద్దుటినుంచీ అన్నం ముట్టలేదు. మంచం కింద దూరి దుప్పటి పీకి పోగులు పెడుతోంది. పిచ్చెత్తిందేమో!"

"పిచ్చి కాదే తల్లీ, పురుడు" అన్నాను. తెల్లారేసరికి నాలుగు పిల్లలు!

ఈ తెలివి నాకు ఊరికే రాలేదు. నా పదో ఏట, విజయనగరంలో మా పెరటి గడ్డిమేటును ఒక వీధికుక్క గోళ్లతో తవ్వుతుంటే చీపురుకట్ట పుచ్చుకుని తరిమాను. పాలు పితకడానికొచ్చే ముసలమ్మ చూసి, "ఏటి బొట్టీ, అలా తోలేత్తన్నావు? దానికి నెల్లు నిండిపోనాయి. సోటు ఎతుక్కుంతంది" అంది. నేను విన్నానా? ఆ రాత్రి జోరున వాన. మర్నాడు తూము పక్కన ఐదు పిల్లలు. బతికింది ఒక్కటే.

మామ్మ నన్ను తిట్టలేదు. సరమ కథ చెప్పింది. 11వ శతాబ్దంలో నన్నయగారు తెలుగు చేసిన భారతంలో మొదట్లోనే వస్తుంది. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న సరమ కొడుకును రాజుగారి తమ్ముళ్లు ఊరికే కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయాడు. ఆ తల్లి నిండు సభకు వచ్చి, ఏ పాపమూ ఎరగని నా బిడ్డను కొట్టిన మీకు అనుకోని భయం వస్తుందని రాజు మొహం మీదే చెప్పింది. అంతటి చక్రవర్తీ హడలిపోయాడు.

ఈ సరమ ఋగ్వేదంలో ఇంద్రుడి కుక్క, దొంగలెత్తుకుపోయిన ఆవుల జాడ తీసిన ఘటికురాలు. సారమేయం అంటే సరమ బిడ్డ అనే అర్థం. చూశారా, జాతి మొత్తానికి తల్లి పేరే ఇంటిపేరు!

ఆ తల్లి ఎన్నాళ్లు మోస్తుందో క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలోనే గ్రీకు పండితుడు అరిస్టాటిల్ రాసిపెట్టాడు. లకోనియా వేటకుక్క 60 రోజులు, ఒకటి రెండు మూడు రోజులు అటూ ఇటూగా మోస్తుందనీ, పిల్లలు 12 రోజులు కళ్లు తెరవవనీ అన్నాడు. ఇవాళ్టి లెక్క సుమారు 63 రోజులు. కళ్లు విడిచేది 10 నుంచి 14 రోజుల్లో. అయితే కొన్ని జాతులు మూడు నెలలు మోస్తాయని కూడా రాసి, పెద్దాయన పప్పులో కాలేశాడు.

రోజులు లెక్కపెట్టాలంటే మొదటి రోజు తెలియాలి. వీధికుక్కకు ఆ తేదీ రాసిపెట్టేదెవరు? 1860ల్లో ఇంగ్లండు డాక్టరు ఆల్బట్ జేబులో పట్టే జ్వరం గొట్టం తయారుచేశాక ఇంకో ఆనవాలు చేతికొచ్చింది. మామూలుగా 101, 102 డిగ్రీలుండే కుక్క ఒంటివేడి 99కి దిగువకు పడితే, ఇంచుమించు ఒక రోజులో నొప్పులొస్తాయి. గొట్టం లేని మా ముసలమ్మ కళ్లతోనే చదివింది: తిండి మానడం, వగర్చడం, ఒణకడం, పాలు చేపడం, చాటు వెతికి నేల తవ్వడం. ఒక్కటి మాత్రం ఆవిడ చేతిలోనూ లేదు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల బయటపడకపోతే పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాల్సిందే.

మా శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్లెక్కి పిల్లల్ని పొదిగి పెంచుకుంటాయి. పురిటికొచ్చిన ఆడపడుచులే అంటారు ఆ ఊరివాళ్లు, వాటి జోలికెవరినీ పోనివ్వరు. ఆ మాట వినప్పుడల్లా నా చీపురుకట్ట గుర్తొచ్చి తల దించుకుంటాను.

పక్కింటి అమ్మాయి మళ్లీ వచ్చింది. "పిన్నిగారూ, దీనికీ కాయం పెట్టాలా?"

"వద్దు తల్లీ! ఓ చాటు మూల, కాసిని నీళ్లు ఇయ్యి. చీపురు మాత్రం దూరంగా పెట్టు."